ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా

పిల్లలూ, ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దుకున్నది మా ఆయన పోయాక, యాభై ఏళ్లు దాటాక. ఎక్కడైనా ఒత్తు జారినా, దీర్ఘం మరిచినా ఏమీ అనుకోకండి. రాయడం కూడా నత్తనడకే. ఈ కథకు నాకు పదకొండు రోజులు పట్టింది. మీరు పది నిమిషాల్లో చదివేస్తారు, నాకు తెలుసు.

మధ్యాహ్నం పన్నెండున్నర అయింది. పిచ్చుక మూసి ఉన్న ఒక షాపు మెట్టు మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తోంది. ఒళ్లో అట్ట, అట్టకు క్లిప్పుతో బిగించిన కాగితం, చేతిలో పెన్సిలు. రోడ్డు దాటిన ప్రతి మనిషికీ ఒక గీత గీయాలి. ఇప్పటికి అయిదు గీతలు పడ్డాయి.

ఆ పిల్లకు పదకొండేళ్లు. ఒక్కచోట నిమిషం కుదురుగా కూర్చోదని అమ్మమ్మ పెట్టిన పేరు పిచ్చుక. బడి రిజిస్టరులో వేరే పేరు ఉంది గానీ వీధిలో అది ఎవరికీ గుర్తులేదు.

ఇంతకీ ఈ గీతల గొడవ ఏమిటంటే, ఈ మధ్యే వాళ్ల రోడ్డును వెడల్పు చేశారు. ఇదివరకు పది అంగల్లో దాటేవాళ్లు. ఇప్పుడు అవతలికి చేరేలోపు రెండు బస్సులు, నాలుగు లారీలు మీదికొస్తున్నాయి. ఆదివారం నాడు అపార్టుమెంటు సెల్లారులో స్కూటర్లను ఓ పక్కకు నెట్టి, కుర్చీలు వేసుకుని చుట్టుపక్కలవాళ్లంతా మీటింగు పెట్టుకున్నారు.

"రోడ్డు వెడల్పయింది. మన బతుకులే ఇరుకైపోయాయి" అన్నాడు టైలరు మావయ్య. ఆయన కాలనీ సంఘానికి పెద్ద. మెడలో టేపు లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఉండరు.

"మొన్న అవతల మా ఆయన కనిపిస్తే చెయ్యి ఊపాను" అంది బేకరీ అత్త. "ఆయన చూడలేదు గానీ బస్సు వచ్చి ఆగింది. ఎక్కనంటే డ్రైవరు నన్ను తిట్టాడు!"

అందరూ నవ్వారు. నవ్వనిది మున్సిపల్ ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరమ్మ ఒక్కతే. ఆమె ఫైలు తెరిచి చెప్పింది.

"మీ రోడ్డుకు ఒకే ఒక్క సిగ్నల్ ఇచ్చారు. బటన్ నొక్కితే బళ్లు ఆగుతాయి, మనుషులు దాటొచ్చు. పై చివర బేకరీ దగ్గర పెట్టాలా, కింది చివర లాండ్రీ దగ్గర పెట్టాలా? ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లకి ఇవ్వలేను. మంగళవారం రెండుచోట్లా లెక్క తీయండి. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా. ఎక్కడ ఎక్కువమంది దాటితే సిగ్నల్ అక్కడ."

పిచ్చుక వాళ్ల ఇల్లు పై చివర. అమ్మమ్మ మోకాళ్ల వ్యాయామానికి వారానికి మూడుసార్లు అవతలి క్లినిక్కుకు వెళ్లాలి. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే తప్ప దాటలేదు. అందుకే, బడికి ఎలాగూ ఎండాకాలం సెలవులు కాబట్టి, ఆ పిల్ల చెయ్యెత్తి మరీ పని అడిగి తీసుకుంది. కింది చివర పన్నెండు నుంచి నాలుగు దాకా తన వంతు.

ఒంటిగంటకు కాగితం మీద ఎనిమిది గీతలు ఉన్నాయి. గంటలో ఎనిమిదిమంది! మెట్టు పెనంలా కాలుతోంది. సీసాలో నీళ్లు అయిపోయాయి.

అప్పుడే పక్కింటి పొట్టి సైకిల్ మీద వచ్చింది. వీధిలో ఆడపిల్లలందరికన్నా పొడుగు తనే. పసిదానిగా ఉన్నప్పుడు పడిన పేరు, అలాగే ఉండిపోయింది.

"కొత్త సైకిలే! రా, ఎక్కు!"

"నాలుగు దాకా ఉండాలి."

"ఎవరిని లెక్కపెడతావే? రోడ్డు మీద పిట్ట కూడా లేదు."

పిచ్చుక అటూ ఇటూ చూసింది. గంటకు ఎనిమిదిమంది. తర్వాత గంటలో మాత్రం ఎంతమంది వస్తారు, మహా అయితే? ఒకటి నుంచి రెండు దాకా ఏడు గీతలు గీసింది. రెండు నుంచి మూడు దాకా తొమ్మిది. మూడు నుంచి నాలుగు దాకా ఆరు. అన్నీ ఒకేలా ఉంటే బాగుండదని కొన్ని గీతలు కాస్త వంకరగా కూడా గీసింది. సైకిల్ వెనక ఎక్కి కూర్చుంది.

ఆ సాయంత్రం సెల్లారులో టైలరు మావయ్య కాగితాలన్నీ కూడి చదివాడు.

"పై చివర రెండువందల ముప్పై ఒకటి. కింది చివర రెండువందల నాలుగు. సిగ్నల్ మనదే!"

చప్పట్లు మోగాయి. "బంగారు తల్లి! ఎండలో నాలుగు గంటలు కదలకుండా కూర్చుంది" అని బేకరీ అత్త పిచ్చుక చేతిలో బన్ను పెట్టింది. పిచ్చుక తినేసింది. బాగానే ఉంది.

గురువారం మధ్యాహ్నం అమ్మ ఒక కవరు ఇచ్చింది. ఇంటి ముందుగదిలో అమ్మకు జిరాక్స్ షాపు ఉంది.

"లాండ్రీ ఆఫీసులో ఇచ్చిరా. వాళ్ల హాజరు ఫారాలు. రోడ్డు ఈ పక్కనే కాబట్టి దాటే పని లేదు."

అది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ. పనివాళ్లు పొద్దున ఆరింటికే లోపలికి వెళ్లిపోతారు. పిచ్చుక కవరు ఇచ్చి బయటికి వచ్చేసరికి రెండున్నర. బెల్లు మోగింది. ఇనుప గేటు తెరుచుకుంది. ఆడవాళ్లు బిలబిలమంటూ బయటికి వచ్చారు. పదిమంది, ఇరవైమంది, ఇంకా వస్తూనే ఉన్నారు. నీళ్లలో నాని నాని అందరి వేళ్లూ ముడతలు పడి ఉన్నాయి. అందరూ అవతలి బస్టాపుకే వెళ్లాలి.

"చేతులు పట్టుకోండే! లారీ పోనివ్వండి! ఇప్పుడు, ఇప్పుడు!"

గుంపు రోడ్డు మధ్య దాకా పరుగెత్తి ఆగింది. హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగాయి. మళ్లీ పరుగు. ఒక్క ఆమె మాత్రం ఇవతలే ఉండిపోయింది. ఆమెకు ఒక కాలు ఈడుపు. ఆమె పిచ్చుకను చూసి నవ్వింది.

"మంగళవారం లెక్కలు వేసిన పిల్లవి నువ్వేనట కదూ? మా అందరినీ ఎక్కించావా?"

పిచ్చుక తన చెప్పుల వైపు చూసుకుంది.

"మేం గుంపుగా పోతే చిన్నపిల్ల తికమకపడుతుందని ఆ రోజు ఒక్కొక్కళ్లమే దాటాం. యాభై రెండుమందిమి! నా వంతు వచ్చేసరికి మూడు కావచ్చింది. రెండు బస్సులు పోయాయనుకో, పోతే పోయాయి. నువ్వేమో కనపడలేదు. ఎండ కదా, ఏ నీడనో కూర్చుని చూస్తున్నావులే అనుకున్నాం."

"అత్తా…" అంది పిచ్చుక. ఆమె అప్పటికే రోడ్డు వైపు తిరిగి, లారీల మధ్య సందు కోసం చూస్తోంది. ఒక అడుగు ముందుకు, రెండు అడుగులు వెనక్కి.

పిచ్చుక ఇంటికి పరుగెత్తింది. జిరాక్స్ మిషను పక్కన నిలబడి అమ్మకు అంతా చెప్పేసింది. అమ్మ మిషను ఆపింది.

"నాకు చెప్పావు, బాగుంది. కానీ కాగితం ఉన్నది నా దగ్గర కాదుగా?"

"చెబితే సిగ్నల్ కిందికి పోతుందమ్మా. అమ్మమ్మ ఎలా దాటుతుంది?"

అమ్మమ్మ కుర్చీలోంచి అందుకుంది. "నేను దాటేది వారానికి మూడుసార్లు. వాళ్లో?"

"రోజూ."

"మరి మధ్యలో నన్నెందుకే లాగుతావు? నీకు భయంగా ఉంటే భయంగా ఉందని చెప్పు."

"భయంగానే ఉంది" అంది పిచ్చుక.

సాయంత్రం ఇంజనీరమ్మ సెల్లారుకు వచ్చింది. టైలరు మావయ్య సంఘం తరఫున కాగితం మీద సంతకం పెట్టడానికి పెన్ను మూత తీశాడు. పిచ్చుక లేచి నిలబడింది. ముందున్న కుర్చీని పట్టుకుంది.

"మావయ్యా, సంతకం పెట్టకండి. అందులో మూడు గంటలు అబద్ధం. ఒంటిగంట తర్వాత నేనక్కడ లేను. గీతలు ఊరికే గీశాను."

సెల్లారులో ఒక్కసారిగా కలకలం రేగింది.

"ఓసి నీ!" అన్నాడు టైలరు మావయ్య. "మన పక్కకే వచ్చింది కదే! ఇప్పుడు నిన్నెవరైనా అడిగారా?"

"ఎవరూ అడగలేదు మావయ్యా. అడగరని తెలిసే గీశాను." పిచ్చుక కుర్చీని ఇంకా గట్టిగా పట్టుకుంది. అయినా ఆపలేదు. "లాండ్రీ వాళ్లు యాభై రెండుమంది. నేను లెక్కపెడతానని ఒక్కొక్కళ్లే దాటారు. నేను ఒక్కరినీ వెయ్యలేదు."

ఇంజనీరమ్మ ఆ కాగితం మీద మూడు గంటలకూ అడ్డంగా గీత కొట్టింది.

"రేపు సాయంత్రం అయిదింటికి ఫైలు పైకి వెళ్లిపోవాలి. ఆ మూడు గంటలూ రేపు మళ్లీ ఎవరు లెక్కపెడతారు?"

"నేను" అంది పిచ్చుక.

"నువ్వా!" వెనక నుంచి ఎవరో నవ్వారు. "నిన్ను నమ్మి మళ్లీనా?"

పిచ్చుక వెనక్కి తిరిగింది. "నమ్మొద్దు. నా పక్కన ఎవరినైనా కూర్చోబెట్టండి."

"నేను కూర్చుంటా" అన్నాడు టైలరు మావయ్య పెన్ను మూత టక్కున పెడుతూ. "ఎలా గీస్తావో చూస్తా."

శుక్రవారం ఒంటిగంటకు అదే మెట్టు, అదే ఎండ. పిచ్చుక ఒళ్లో అట్ట. పక్కన స్టూలు మీద మెడలో టేపుతో మావయ్య, ఆయన ఒళ్లో ఇంకో అట్ట. రెండింటికి ఇద్దరి లెక్కా సరిపోయింది. పదకొండు.

రెండున్నరకు బెల్లు మోగింది. గేటు తెరుచుకుంది.

"ఒకటి, రెండు, అయిదు… ఏయ్, కదలకండమ్మా!" అన్నాడు మావయ్య.

"కదలకపోతే రోడ్డెలా దాటతాం అన్నా?" అంది గుంపులోంచి ఒకామె. అందరూ గొల్లుమన్నారు.

పిచ్చుక నవ్వలేదు. పెదవులు కదుపుతూ గీతలు గీస్తూనే ఉంది. గుంపు మధ్యలో ఆగితే తనూ ఆగింది. గుంపు కదిలితే పెన్సిలూ కదిలింది. యాభై ఒకటి.

కాలు ఈడ్చే అత్త మిగిలింది. ముందుకు వెళ్లింది, వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. లారీ రయ్యిన దూసుకొస్తే గబుక్కున వెనక్కి తూలింది. టైలరు మావయ్య అట్ట స్టూలు మీద పడేసి లేచాడు. చెయ్యి పైకెత్తి రోడ్డు మీదికి నడిచాడు. మెడలో టేపు గాలికి ఎగిరింది. "ఆపవయ్యా! మనిషి కనపడటం లేదా!" అని లారీని గద్దిస్తూ ఆమెను అవతలికి దాటించి వచ్చాడు. మొహం అంతా చెమట.

"యాభై రెండు" అంది పిచ్చుక. "మావయ్యా, మీరు రెండుసార్లు దాటారు. మిమ్మల్ని వెయ్యలేదు. మీరు లెక్కపెట్టడానికి వచ్చారు కాబట్టి."

"వెయ్యకు, వెయ్యకు" అన్నాడు మావయ్య మొహం తుడుచుకుంటూ. తర్వాత మంగళవారం లెక్కలో కొట్టేసిన గీతలు పోగా మిగిలినవాటికి వీటిని కలిపి, కాగితం వెనక కూడిక వేశాడు. మూడింటికల్లా కింది చివర లెక్క రెండువందల నలభై అయిదైంది.

"అయిపోయిందే. పై చివర ఓడిపోయింది. సిగ్నల్ వీళ్లదే, వీళ్లకే రావాలి కూడా. లే, పోదాం. షాపు మూసి వచ్చాను."

"ఇంకా గంట ఉంది మావయ్యా."

"ఇక ఎంతమంది దాటినా ఒకటే కదే!"

"నాలుగు దాకా చూశామని రాయాలిగా. చూడకుండా ఎలా రాస్తాం?"

మావయ్య ఆ పిల్ల వైపు చూశాడు. నిట్టూర్చి స్టూలును గోడకు జరుపుకుని మళ్లీ కూర్చున్నాడు.

మూడుంబావుకు పొట్టి సైకిల్ మీద వచ్చి బెల్లు కొట్టింది. "రావే! ఒక్క రౌండు!"

"నాలుగింటికి."

"ఎవరూ లేరు కదే!"

"లేకపోతే లేరని రాయాలి" అంది పిచ్చుక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

పొట్టి ఒక నిమిషం నిలబడి, వెళ్లిపోయింది. నీడ మెట్టు దాకా వచ్చింది. మూడున్నర. మూడూ నలభై. కాగితం మీద ఆ గంట గడి ఖాళీగానే ఉంది. పిచ్చుక కాళ్లు తిమ్మిరెక్కితే లేచి నిలబడింది. నిలబడే చూసింది.

నాలుగింటికి ఎనిమిది నిమిషాలు తక్కువ ఉండగా, ఒక తాత చంకలో పెద్ద గోడగడియారం పెట్టుకుని వచ్చాడు. రోడ్డు అంచున ఆగాడు. ఒక బస్సును పోనిచ్చాడు, రెండు లారీలను పోనిచ్చాడు. మెల్లగా దిగాడు. పిచ్చుక చూస్తూనే ఉంది. తాత అవతలి ఫుట్‌పాత్ ఎక్కాడు. ముందు ఒక కాలు, తర్వాత రెండో కాలు.

అప్పుడు పిచ్చుక పెన్సిలు ఆనించి, ఆ ఖాళీ గడిలో తిన్నగా ఒక్క గీత గీసింది.

ఇట్లు,
లాండ్రీ పెద్దమ్మ (ఆ లాండ్రీలో దుప్పట్లు ఉతికినదాన్ని కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు),
వయసు డెబ్బై మూడు,
ఇప్పుడు ఉంటున్నది కింది చివర, రెండో అంతస్తు, రోడ్డు కనిపించే గది.