నలభై టన్నుల ట్రెయిలరుకి మైనస్ బరువు

“దేఖియే దాదా! నలభై టన్నుల ట్రెయిలరు బరువు మైనస్ ఇరవై అయిదు టన్నులట!” అని హిందీలో అరిచి, ఆ వెంటనే తెలుగులో గొణిగింది రమాకుమారి. “గాల్లో తేలుతోందేటి, దరిద్రం!”

కంప్యూటర్ ముందున్న ప్రసన్నకుమార్ తలెత్తాడు. “తెలుగోళ్లా?”

“తిట్లు అర్థమయ్యాయా? మంచిది. లైను చూడు ముందు.”

బెంగాల్‌లో ఖిదిర్‌పూర్ ఓడల డాక్ పక్కన ప్రైవేటు యార్డు అది. లారీలు తూచే కాటా గది కిటికీలోంచి చూస్తే గేటు దాకా ట్రెయిలర్లే. అన్నీ హారన్లే. ప్రేమకథ కాబట్టి వాన గురించి రాయాలి. వాన పడింది. బురదయింది. చాలు.

“ఇవాళ పొద్దున్న నేనే పెట్టాను ప్రోగ్రామ్. అన్ని లారీలకీ సరిగ్గానే చూపించింది,” అన్నాడతను.

“పొద్దున్న ఏ లారీలు?”

“ఖాళీవి.”

“ఓర్నాయనా! పొద్దున్న ఖాళీవే వస్తాయి. సరుకుతో వచ్చేవి మధ్యాహ్నం నా డ్యూటీలోనే. ఎవర్నయినా అడిగావా?”

అడగలేదు. పైగా ఇందాక యార్డు మేనేజర్ సత్యారావు ఫోన్ చేస్తే, “ఆపరేటర్ ఏదో తప్పు నొక్కి ఉంటుంది” అనేశాడు. ఆ ముక్క పట్టుకుని, సాయంత్రానికి ఈ అమ్మాయిని కాటా గదిలోంచి తీసేస్తానన్నాడు సత్యారావు. చూడని మనిషి మీదికి తప్పు తోసేయడం ఎంత సులువో!

“నిండు ట్రెయిలరు ఒకటి మళ్లీ కాటా ఎక్కాలి,” అన్నాడు నీళ్లు నములుతూ.

రమాకుమారి వానలోకి దూకింది. ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి గాల్లో. బెంగాలీలో ఏమందో గానీ, తిట్టుకుంటూనే డ్రైవరు బండి వెనక్కి తెచ్చాడు. తడిసి ముద్దయి తిరిగొచ్చిన ఆమెని చూస్తూ అతను కీబోర్డు మర్చిపోయాడు.

“నన్నేటి చూస్తావు? తెర చూడు!”

చూశాడు. కాటా పంపేది రెండు బైట్లు. ఆ రెంటినీ కలిపి ఒక సంఖ్య చెయ్యాలి. అందులో మొట్టమొదటి బిట్‌ని, అంటే మొదటి సున్నా-ఒకటి గడిని, మైనస్ గుర్తుగా చదవమని రాశాడీ మహానుభావుడు. ముప్పై రెండు టన్నుల మీద ఇంకాస్త బరువు పడగానే ఆ బిట్ ఒకటవుతుంది. ఖాళీ లారీ అక్కడిదాకా ఎక్కడొస్తుంది?

“బరువుకి మైనస్ ఉండదని నీకు తెలీదేటి?”

“తెలుసు. ప్రోగ్రామ్‌కి చెప్పలేదు.”

ప్రోగ్రామ్‌లో ఒక్క పదం మార్చాడు. తెర మీద నలభై వేల కిలోలు. లైను కదిలింది.

అంతలో గొడుగు దులుపుకుంటూ సత్యారావు వచ్చాడు. “బాగైందా? అమ్మాయి తప్పే కదా?”

ప్రసన్నకుమార్ ఊ అంటే చాలు, ఉద్యోగం భద్రం.

“కాదండీ. తప్పు నాదే. ఏం జరిగిందో తెలీకుండానే ఫోన్లో ఆవిడ మీదికి నెట్టేశాను. మా కంపెనీకీ ఇదే రాస్తున్నాను.”

సత్యారావు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. రమాకుమారి కళ్లు మాత్రం నిప్పులు.

“అంటే నా నౌకరీకి ఎసరు పెట్టింది నువ్వా!”

“నేనే. తిట్టు.”

“ఏ భాషలో తిట్టినా సరిపోదు.”

“నువ్వు నాకు నచ్చావు,” అనేశాడు. “నీ కోపం తగ్గాక టీకి రమ్మని అడుగుదామనుకున్నా.”

ఆమె చున్నీ పిండుకుంది. ఆఖరి ట్రెయిలరుకి చీటీ ఇచ్చి కిటికీ మూసింది.

“కోపం తగ్గదు. ఇప్పుడే పద.”