నాగేంద్రమ్మ ఇచ్చిన ఆరు కోళ్ళు

పెరట్లో కోళ్ళగూడు తలుపు తీసి, ఒక్కొక్కటీ బయటికి దూకుతుంటే నాగేంద్రమ్మ పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. ముప్ఫై నాలుగు. నిన్న ఎన్నో ఈ రోజూ అన్నే. గుప్పెడు నూకలు చల్లి, నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు వాటిని చూస్తూ నిలబడింది.

1986 వేసవి అది. ఆగిరిపల్లి చుట్టుపక్కల తోటలన్నీ కోతకొచ్చాయి. ఆమె కొడుకు సుందరరావు ఏడాది పొడుగునా మామిడి అంట్లు కట్టే పనిలో ఉంటాడు. ఈ రెండు నెలలూ మాత్రం కోత కూలీల మీద మేస్త్రీగా వెళ్తాడు. కోడలు పుష్పవతి పశువైద్యం చదివింది. బెజవాడలో, పశువులకీ కోళ్ళకీ వచ్చే అంటురోగాల మీద పరిశోధన చేసే లేబరేటరీలో ఉద్యోగం. ఏడున్నర బస్సుకి వెళ్తే పొద్దుగూకాకే రావడం.

"అత్తయ్యా, ఆ నల్లపెట్టని ఒక్క నిమిషం పట్టుకుంటారా" అంటూ పుష్పవతి దూది చుట్టిన పుల్లలు పట్టుకుని పెరట్లోకి వచ్చింది.

నాగేంద్రమ్మ నల్లపెట్టని ఒడిలో పెట్టుకుని ముక్కు తెరిచింది. పుష్పవతి దాని గొంతులో పుల్ల తిప్పి, చిన్న సీసాలో వేసి మూత బిగించింది. ఆరు నెలలుగా వారానికోసారి జరుగుతున్న పనే ఇది. మొదట్లో నవ్వులాటగా ఉండేది నాగేంద్రమ్మకి. తర్వాత, తన కోళ్ళ గొంతులో తడి కోసం బెజవాడలో పెద్ద చదువుల వాళ్ళు ఎదురుచూస్తారంటే లోలోపల గర్వంగానే ఉండేది.

దానికో కారణం ఉంది. ఏటా ఎండలు ముదిరేసరికి ఆ ఊరికి కొక్కెర తెగులు వచ్చేది. మధ్యాహ్నం దాకా తిరిగిన కోడి సాయంత్రానికి మెడ వంకరపోయి, నోరు తెరిచి ఊపిరి లాగుతూ, పచ్చగా పారుకునేది. మూడు రోజుల్లో గూళ్ళకి గూళ్ళే ఖాళీ. కానీ రెండేళ్ళుగా నాగేంద్రమ్మ పెరట్లో ఒక్క కోడీ పోలేదు. పక్కింటి గూడు ఖాళీ అయినా ఇక్కడ పుంజు కూస్తూనే ఉంది. ఎందుకో ఎవరికీ తెలియదు. నాగేంద్రమ్మకీ తెలియదు.

ఆ సాయంత్రం పుష్పవతి బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ఆమె మొహంలో ఏదో వెలుగు ఉంది. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"దొరికింది అత్తయ్యా. మన కోళ్ళలో కూడా కొక్కెర తెగులు క్రిమి ఉంది. కానీ అది మెత్తటిది. ఆ జాతిదే గానీ చంపదు. అది లోపల ఉండటం వల్లే చంపేది వచ్చినా మన కోళ్ళకి ఏమీ కావడం లేదని మా ఆఫీసరుగారి అనుమానం."

వరండాలో కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్న సుందరరావు చెంబు పక్కన పెట్టేశాడు. "అంటే మందు మన పెరట్లోనే ఉందా?"

"ఉండొచ్చు. ఇప్పుడున్న టీకా ఐసులో పెట్టి తేవాలి. బస్సులో ఊరు చేరేసరికి ఐసు కరిగిపోతుంది, టీకా చచ్చిపోతుంది. ఈ మెత్తటి క్రిమి మన ఎండల్లోనే బతుకుతోంది కదా. అదే నిజమైతే..." ఒక్క క్షణం ఆగి అత్తగారి వైపు చూసింది. "నిజమో కాదో తేల్చుకోవాలంటే మన కోళ్ళు ఆరు కావాలండి. లేబరేటరీ షెడ్డులో పెట్టి, చంపే క్రిమిని వాటి ముక్కులో వేసి చూడాలి."

నాగేంద్రమ్మ బియ్యం చెరుగుతున్న చేట ఆపింది.

"వేశాక?"

"బతుకుతాయనే అనుకుంటున్నాం."

"బతికితే తిరిగి తెస్తావా?"

పుష్పవతి తల అడ్డంగా ఊపింది. "ఆ షెడ్డులోకి వెళ్ళింది బయటికి రాకూడదు అత్తయ్యా. జబ్బు ఊళ్ళలోకి పాకుతుంది."

"అంటే బతికినా నాకు లేనట్టే. చస్తే సరే సరి." నాగేంద్రమ్మ గొంతు పెంచకుండానే చేట పక్కన పెట్టేసింది. "గొంతులో దూది తిప్పుకుంటానంటే ఒడిలో పెట్టుకుని పట్టుకున్నాను. ఇప్పుడు నిక్షేపంలా ఉన్న ప్రాణానికి జబ్బు ఎక్కిస్తానంటున్నావు. ఇదేం చదువు పుష్పా? ఉన్న జబ్బు తీసేది డాక్టరు. లేని జబ్బు పెట్టేవాళ్ళని ఏమంటారు?"

"అమ్మా, ఆరు కోళ్ళే కదా" అన్నాడు సుందరరావు.

"నువ్వు మాట్లాడకు. పొదిగించిందీ నేను, గద్ద తన్నుకుపోకుండా కాచిందీ నేను. ఇవ్వను."

రోజంతా నిలబడి పనిచేసి వచ్చిన అలసటో, చేతికందింది జారిపోతోందన్న బాధో, పుష్పవతి నోటి వెంట మాట తూలింది. "మీ గూడు నిండుగా ఉంటే చాలు కదా అత్తయ్యా. మిగతా ఊళ్ళో గూళ్ళు ఏమైతే మీకేం."

ఆ రాత్రి వడ్డించిన అన్నం ముగ్గురూ తలా ఒక మూల కూర్చుని తిన్నారు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే చర్చికి వెళ్ళాల్సిన పక్కింటి రిబ్కమ్మ వెళ్ళలేదు. గోనెసంచి ఒకటి చేత్తో మోసుకుంటూ నాగేంద్రమ్మ పెరటి దడి దగ్గరికి వచ్చి నిలబడింది. వాళ్ళిద్దరిదీ ముప్ఫై ఏళ్ళ ఇరుగుపొరుగు.

"పదకొండు పోయినియ్యి అక్కా. పాతిపెట్టడానికి తీసుకెళ్తన్నా" అంది సంచి కింద పెడుతూ. "గుడ్ల మీదున్న పెట్టతో సహా."

నాగేంద్రమ్మ దడి దాటి వెళ్ళి ఆమె భుజం పట్టుకుంది.

రిబ్కమ్మ కళ్ళు తుడుచుకుని, అడగలేక అడిగింది. "నిన్నొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీ దగ్గర ఏదో మందుందనీ, మాకు చెప్పట్లేదనీ అనుకుంటన్నారు. ఇంకొందరు ఇంకో రకంగా కూడా అంటన్నారు, అది నా నోటితో అనను. నేను నమ్మలేదు. కానీ ఉంటే చెప్పు అక్కా. పైఏడాదికైనా మిగుల్చుకుంటాను."

నాగేంద్రమ్మ ఆమె భుజం మీంచి చెయ్యి తీసేసింది. లేదు అని చెబితే అబద్ధం. ఉంది అని చెబితే, ఏదీ అని అడుగుతుంది. వెనక్కి తిరిగి చూస్తే పెరట్లో ముప్ఫై నాలుగు కోళ్ళూ మట్టి గీరుకుంటున్నాయి. రెండేళ్ళుగా తన అదృష్టమనుకున్నది ఆ పూట మొదటిసారి ఆమెకి బరువనిపించింది.

సోమవారం పొద్దున పుష్పవతి బస్సుకి బయల్దేరుతుంటే గుమ్మంలో రెండు వెదురు గంపలు ఉన్నాయి. ఒక్కోదాంట్లో మూడేసి కోళ్ళు. మొదటిదాంట్లో నల్లపెట్ట.

"నాసివి ఏరి ఇవ్వలేదు" అంది నాగేంద్రమ్మ. "మంచివే ఇచ్చాను. పరీక్షంటే సరిగ్గా జరగాలి కదా. దారిలో నీళ్ళు పెట్టు."

"అత్తయ్యా, మొన్న నేను అన్న మాట..."

"బస్సు వచ్చే టైమైంది, పద." తనే ఒక గంప ఎత్తుకుని రోడ్డు దాకా నడిచింది.

పదిహేను రోజులు నాగేంద్రమ్మ ఏమీ అడగలేదు. పుష్పవతీ ఏమీ చెప్పలేదు. పదహారో రోజున, "రేపు మీరు నాతో రండి అత్తయ్యా" అంది. అంతే.

లేబరేటరీ వెనక ఖాళీ జాగాలో, ఎవరూ దగ్గరికి వెళ్ళకుండా కట్టిన కంచెకి ఇవతల ఆమెని నిలబెట్టింది పుష్పవతి. దూరంగా ఇనప వల షెడ్లు రెండు. ఒకదాంట్లో ఏదో కదులుతోంది. నాగేంద్రమ్మ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. నల్లపెట్ట రెక్కలు విదిలించుకుని పొట్టులో పొర్లుతోంది. దాని పక్కన మిగతా అయిదూ.

"ఆ రెండో షెడ్డు ఖాళీగా ఉందేంటి?"

"అందులో వేరే ఊరి కోళ్ళు ఆరు పెట్టాం. ఒకే రోజు, ఒకే క్రిమి, ఒకే చుక్క. అయిదో రోజుకి ఒక్కటీ లేదు." పుష్పవతి గొంతు మెల్లగా ఉంది. "నేనే వేశాను అత్తయ్యా. మీరన్న మాట ఆ అయిదు రోజులూ నాకు గుర్తొస్తూనే ఉంది."

నాగేంద్రమ్మ ఖాళీ షెడ్డు వైపు చాలాసేపు చూసింది. కోడలి చెయ్యి అందుకుని పట్టుకుంది.

లోపల బల్ల మీద గుంటలు గుంటలుగా ఉన్న తెల్లటి పళ్ళెం చూపించింది పుష్పవతి. ప్రతి గుంటలో కాస్త ఎర్రటి నీళ్ళు. కొన్నింట్లో ఎరుపంతా అడుగున చిన్న బొత్తాంలా పేరుకుంది. కొన్నింట్లో మాత్రం బొత్తాం కట్టకుండా గుంటంతా పల్చటి తెరలా పరుచుకుంది.

"అన్నింట్లోనూ కోడి నెత్తురే. క్రిమి లేనిచోట నెత్తురు అడుక్కి దిగిపోతుంది. ఉన్నచోట అది నెత్తురు కణాలని పట్టుకుని కిందికి దిగనివ్వదు."

"క్రిమి ఏది?"

"కనపడదు అత్తయ్యా. ఈ మైక్రోస్కోపుల్లో కూడా కనపడదు. అది ఉందని ఇదే సాక్ష్యం."

నాగేంద్రమ్మ వంగి, ఊపిరి తగిలితే చెదిరిపోతుందేమో అన్నట్టు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. కనపడనిది కనపడే నెత్తురుని పట్టుకుని నిలిపింది. ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేసేదీ, తన కోళ్ళని కాపాడిందీ ఇంతంత గుంటల్లో ఉన్నాయి.

తర్వాత చీకటి గదిలోకి తీసుకెళ్ళి, చిన్న దీపం మీద ఒక గుడ్డు పెట్టింది పుష్పవతి. గుడ్డంతా నారింజ రంగులో వెలిగింది. పెంకు లోపల ఎర్రటి నరాలు కొమ్మలు కొమ్మలుగా పాకి ఉన్నాయి. వాటి మధ్య ఒక నల్లటి నీడ. ఎన్ని వందల గుడ్లు పొదిగించిందో తెలియని నాగేంద్రమ్మ, పెంకు పగలకముందు లోపల ఏం జరుగుతుందో ఎప్పుడూ చూడలేదు. నీడ చటుక్కున కదిలింది.

"ప్రాణంతో ఉంది" అంది గుసగుసగా.

"ఉంది. మన నల్లపెట్ట గొంతులో దొరికిన క్రిమిని దీంట్లో వేసి అయిదు రోజులైంది. చంపేదైతే రెండు రోజుల్లో ఈ నరాలన్నీ మాయమయ్యేవి. ఇది చూడండి, పిల్లతో పాటు పెరుగుతోంది." తన జబ్బ మీద గుండ్రటి మచ్చ తాకి చూపించింది పుష్పవతి. "మనుషులకి వేసిన మశూచి టీకా కూడా ఇలాంటిదే. మశూచికి చుట్టమే గానీ మెత్తటి క్రిమి. ముందుగా అది లోపలికి వెళ్తే, పెద్దది వచ్చినా ఒళ్ళు గుర్తుపట్టి తరిమేస్తుంది."

దీపం వెలుగులో నాగేంద్రమ్మ మొహం మారిపోవడం పుష్పవతి చూసింది. నాగేంద్రమ్మ మెల్లగా స్టూలు మీద కూర్చుంది.

"సుందరానికి అక్క ఉండేది, నీకు తెలుసా?"

"తెలియదు అత్తయ్యా."

"అన్నపూర్ణ. నాలుగేళ్ళు. వాడు అప్పుడు చంటివాడు. టీకాలవాళ్ళు ఊళ్ళోకి వచ్చారని తెలిసి, మంచి పిల్లకి జబ్బు ఎక్కిస్తారని భయపడి, దాన్ని తోటలోకి తీసుకుపోయి మామిడాకుల కుప్ప వెనక దాచాను. అరవకుండా నోరు మూశాను. వీణ్ణి మాత్రం ఉయ్యాల్లో వదిలేసి వెళ్ళాను, వీడికి వేసేశారు." ఆగింది. "ఆ వేసంగిలోనే దానికి అమ్మవారు పోసింది. పక్కనే పడుకున్నా వీడికేమీ కాలేదు. ఎందుకు ఒకళ్ళని వదిలేసి ఒకళ్ళని తీసుకుపోయిందని ఇరవై నాలుగేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను. మొక్కు తీర్చలేదేమో అనుకున్నాను. నా పాపం అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది."

పుష్పవతి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "మీకు తెలియదు కదా అత్తయ్యా. తెలిసుంటే మీరే ఎత్తుకెళ్ళి వేయించేవారు."

"చెప్పినవాళ్ళు లేరమ్మా. చెయ్యి పట్టి లాగేవాళ్ళే తప్ప, ఇదీ సంగతని కూర్చోబెట్టి చూపించినవాళ్ళు లేరు." కన్నీళ్ళు జారుతున్నా తుడుచుకోలేదు. కోడలి తల మీద చెయ్యి పెట్టి, ఆ చేత్తోనే దగ్గరికి తీసుకుంది.

బస్సులో తిరిగొస్తుంటే నాగేంద్రమ్మే అడిగింది. "ఇప్పుడు ఈ చుక్కలు ఊళ్ళో వేసేస్తారా?"

"ఇంకా చాలా చూడాలండి. ఏడాదో రెండేళ్ళో పట్టొచ్చు. ఆ తర్వాత ఏదో ఒక ఊరు ఒప్పుకోవాలి. జబ్బు క్రిమిని మా కోళ్ళ గొంతులో వేస్తారా అంటే ఎవరు ఒప్పుకుంటారు?"

"మన ఊరు ఒప్పుకుంటుంది. నేను చెప్తాను. కానీ ముందు వాళ్ళకి చూపించు. చూశాకే వెయ్యి."

ఊరివాళ్ళని లేబరేటరీలోకి రానివ్వడానికి ఆఫీసరుగారు మొదట ససేమిరా అన్నారు. నాగేంద్రమ్మ స్వయంగా వెళ్ళి ఆయన గది ముందు గంటన్నర కూర్చున్నాక సరేనన్నారు.

కోతలు అయిపోయిన వారం, ఊళ్ళో ఆడవాళ్ళు తొమ్మిదిమంది పొద్దుటి బస్సెక్కారు. చీకటి గదిలో ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. అందరికంటే ముందు రిబ్కమ్మ. దీపం మీద గుడ్డు వెలగగానే ఆమె ఒక అడుగు వెనక్కి వేసి నాగేంద్రమ్మకి తగిలింది. లోపల ఎర్రటి కొమ్మల మధ్య నీడ ఒకటి ఒత్తిగిల్లింది.

"భయపడకు" అంది నాగేంద్రమ్మ, రెండు చేతులూ ఆమె భుజాల మీద వేసి మళ్ళీ ముందుకి జరుపుతూ. "దగ్గరికెళ్ళి చూడు. మా కోడలు చెప్తుంది."