హారన్ కొట్టని పికప్

ఎస్కెల్ ఊరి బయట పెట్రోల్ బంకులో ఆగి ఉన్న నల్లకారులో ఇద్దరూ కూర్చున్నచోటే చచ్చిపోయి ఉన్నారు. ఇంజన్ ఇంకా నడుస్తూనే ఉంది. సైలెన్సర్ బిగించిన పిస్టల్ పని. బంకులో ఎవరికీ ఏమీ వినపడలేదు.

ఆ కారు ఎక్కాల్సిన మూడో మనిషి ప్రాణాలతో మిగిలాడంటే, అది బంకు టాయిలెట్ గొళ్లెం చలవ. అది ఇరుక్కుపోయింది. ఆయన తలుపు బాదుతూ లోపలే ఉండిపోయాడు. పేరు డాక్టర్ ఫెర్మిన్ ఇతుర్బే, బ్యూనస్ ఐరిస్‌లో పళ్ల డాక్టరు. తలుపు పగలగొట్టి ఆయన్ని బయటికి లాగింది టాయిలెట్ బయట కాపలా ఉన్న ఏజెంట్ సెలీనా ఓయార్సున్.

ఆమె బంకు వెనక్కి వెళ్లి చీఫ్ బసుఆల్దోకి ఫోన్ చేసింది.

"విమానం ఎక్కించమంటారా?"

"వద్దు. ఎయిర్‌పోర్టులో వాళ్ల మనుషులున్నారు."

"బస్సు?"

"అక్కడా ఉన్నారు."

"మన కారు ఇంకోటి పంపండి సార్."

"మన కారులోనే కదమ్మా ఇద్దరు పోయారు. మనవాళ్లలోనే ఎవరో అమ్ముడుపోయారు. రోడ్డు మీద నిలబడి బొటనవేలు ఎత్తి లిఫ్ట్ అడుగు. జేబులో చిల్లర లేని టూరిస్టులు ఈ పటగోనియాలో కొల్లలు. వాళ్ల మొహాలు ఎవడు చూస్తాడు?"

మిషన్ చిన్నదే. నౌకాదళం రహస్యాలు కొని విదేశాలకు అమ్మే ముఠా నాయకుడొకడు రేపు ప్యుయెర్తో దెసెయాదో రేవులో ఓడ ఎక్కుతున్నాడు. ముఠాలో వాడి పేరు వెటర్నరీ. ఆపరేషన్ చేయించుకుని మొహం మొత్తం మార్చేశాడు. వాణ్ణి గుర్తుపట్టగలవాడు భూమ్మీద ఒక్కడే, వాడికి పళ్లు బాగుచేసిన ఇతుర్బే. డాక్టరు రేవు చేరాలి. చేరకపోతే ఆయన ప్రాణమూ పోతుంది, వాడూ తప్పించుకుపోతాడు. దారిలో రియో మాయో కూడలి దగ్గర డిపార్ట్‌మెంట్ మనిషి తెల్ల పికప్‌లో వస్తుంది. గాలి ఎప్పుడు ఆగుతుందని అడుగుతుంది. మేం చచ్చాక అని జవాబు చెప్పాలి.

ఆ కోడ్ ఎవరు పెట్టారో గానీ, డాక్టరు అది వినగానే ఇంకేదైనా లేదా అని అడిగాడు.

సెలీనా ఆయన నెత్తిన ఉన్నిటోపీ పెట్టి, వీపుకి టెంటు కట్టింది. ఇకనుంచి తను మేనకోడలు, ఆయన మామయ్య. చేతిలో మాతే అనే ఆకుటీ సరంజామా, వేడినీళ్ల ఫ్లాస్కు. ఆ ఫ్లాస్కు అడుగున వేలితో నొక్కితే సిగ్నల్ పంపే రేడియో ఉంది. పిస్టల్ లేదు. చెక్‌పోస్టులో బ్యాగులు వెతుకుతారు, అందుకని.

ఉన్ని లారీలో కొంతదూరం, గొర్రెల ట్రక్కు వెనక గొర్రెలతో కొంతదూరం వెళ్లారు. వెనక ఏ బండి కనిపించినా డాక్టరు ఆమె చెయ్యి పట్టుకునేవాడు. సెలీనా భయపడొద్దని చెబుతూనే ఉంది. చెబుతూనే తనూ వెనక్కి తిరిగి చూస్తోంది. చచ్చిపోయిన ఇద్దరిలో ఒకడితో నిన్న రాత్రే కలిసి భోంచేసింది.

కూడలి దగ్గర తెల్ల పికప్ చెప్పినట్టే ఆగింది. అద్దం దించిన మనిషిని చూసి డాక్టరు అంత భయంలోనూ టోపీ సర్దుకున్నాడు. నల్లకళ్లద్దాలు, తోలుకోటు, సినిమాతారలా ఉంది. పేరు ఓర్నెల్లా ఫ్రియాస్.

"గాలి ఎప్పుడు ఆగుతుందో?" అంది.

"మేం చచ్చాక," అంది సెలీనా.

ముగ్గురూ బయలుదేరారు. ఇక్కడ ఎవరి బండి ఎక్కినా మాతే పోసి అందించే పని పక్క సీటువాళ్లది. సెలీనా వేడినీళ్లు పోస్తూ అందిస్తుంటే ఓర్నెల్లా తాగుతూ కబుర్లు చెప్పింది. వాళ్ల నాన్న ఈ రోడ్డు మీదే లారీ నడిపి నడిపి ముసలాడైపోయాడట. తను నడక నేర్చింది కూడా లారీ కేబిన్‌లోనేనట. డాక్టరు వెనకసీట్లో మొదటిసారి కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

మలుపులో, లారీవాళ్లు మొక్కుకునే సాధువు గౌచితో గూడు వచ్చింది. గాలికి ఎర్రజెండాలు కొట్టుకుంటున్నాయి. కింద ఎవరో పెట్టిన సిగరెట్లు, వైన్ సీసాలు.

పికప్ దాన్ని దాటేసింది. ఓర్నెల్లా చెయ్యి హారన్ మీదికి పోలేదు.

సెలీనా ఆ చేతివంకే చూసింది. ఆమె కూడా లారీ డ్రైవరు కూతురే. వాళ్ల నాన్న ఏ సాధువునీ నమ్మేవాడు కాదు, చర్చికి పెళ్లికి తప్ప వెళ్లలేదు. అయినా గౌచితో ముందు హారన్ కొట్టకుండా ఒక్కనాడూ పోలేదు. కొట్టకపోతే బండి ఇంటికి చేరదని ఈ రోడ్డు మీద పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ కేబిన్‌లో పెరిగిన మనిషి చెయ్యి దానంతటదే లేస్తుంది. కోడ్ బట్టీపట్టిన ఈ ఆడమనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇంతలో ఓర్నెల్లా కంకరరోడ్డులోకి తిప్పింది.

"ఇదేం దారి?" అంది సెలీనా.

"అడ్డదారి. ఏమ్మా, అలా పాలిపోయావేం?"

"ఆకలి. ఇంకోటి పోయనా?"

ఫ్లాస్కు అడుగు నొక్కింది. తర్వాత మూత పూర్తిగా తీసి, నీళ్లన్నీ గేరు మీదున్న చేతిపై గుమ్మరించింది. ఓర్నెల్లా కెవ్వుమని బ్రేకు తొక్కింది. కంకర మీద బ్రేకు తొక్కితే ఏమవుతుందో అదే అయింది. పికప్ జారి, గిర్రున తిరిగి, గోతిలో పక్కకి పడింది.

ఓర్నెల్లాకి స్పృహ లేదు. ఆమె పిస్టల్ ఎటో ఎగిరిపోయింది. సెలీనా పాదం డ్యాష్‌బోర్డు కింద ఇరుక్కుంది. డాక్టరు కళ్లజోడు ముక్కలైంది, మనిషి మాత్రం క్షేమం.

ఈ దేశంలో గోతిలో పడ్డ బండిని దాటిపోయేవాడు ఉండడు. ముందు లారీ డ్రైవరు బెర్నబే కార్కమో ఆగాడు, చేతిలో తాడుతో. తర్వాత రోడ్డు పనివాళ్లు ఆగారు. అందరూ మంచివాళ్లే. ఎవర్ని నమ్మాలో సెలీనాకి తెలియలేదు. ఆఖరికి ఒక బూడిదరంగు కారు ఆగింది. అందులోంచి పెద్దమనిషొకాయన దిగి, తను డాక్టర్నని, ముసలాయన్ని ఆసుపత్రికి తీసుకెళతానని మర్యాదగా చెప్పాడు. బెర్నబే సంతోషించి ఇతుర్బేని ఎత్తి ఆ కారు ముందుసీట్లో కూర్చోబెట్టాడు.

"ఆయన్ని పంపకండి. చంపేస్తారు," అంది సెలీనా.

"ఎవరూ చంపరు తల్లీ, ఆయన డాక్టరు," అన్నాడు బెర్నబే జాలిగా. పనివాళ్లతో తలకి దెబ్బ తగిలినట్టుందన్నాడు.

ఆమె అరిచింది, ఏడ్చింది, ఇరుక్కున్న కాలు లాగి చర్మం ఊడదీసుకుంది. వాళ్లు ఇంకా జాలిపడ్డారు.

కారులో ఇతుర్బేకి అంతా మసకగా ఉంది. సీటుబెల్టు పెట్టడానికి ఆ పెద్దమనిషి మీదికి వంగి నవ్వాడు. జానెడు దూరంలో ఉన్నదైతే ఇతుర్బేకి జోడు లేకపోయినా కనిపిస్తుంది. కొత్త ముక్కు, కొత్త గడ్డం. కానీ కింది వరుసలో ఎడమవైపు చివరి దవడపన్ను, దాని మీద తాత్కాలికంగా పెట్టిన సిమెంటు ఆయన సొంత పనే. లోపల రూట్ కెనాల్ సగంలో ఉంది. మిగతా సగానికి ఈ పేషెంటు రానేలేదు.

"గుర్తుపట్టారన్నమాట," అన్నాడు వెటర్నరీ మెల్లగా. డొక్కలో చల్లగా ఏదో తగిలింది. "ఓర్నెల్లా మిమ్మల్ని తెస్తున్నది నా దగ్గరికే. చంపే ఈ ఒక్క పనికి ఎవర్నీ నమ్మలేకపోయాను డాక్టర్. కదలకండి."

ఇతుర్బే ప్యాంటు తడిసిపోయింది. ప్రాణభయంతో ఏం చేస్తున్నాడో తెలియలేదు గానీ, ముప్పయ్యేళ్ల అలవాటున్న చెయ్యి దానంతటదే లేచింది. బొటనవేలు సరిగ్గా ఆ పన్ను వేరు దగ్గర, దవడ కింద, ఉన్న బలమంతా పెట్టి నొక్కింది.

ఆ కేకకి అవతల గొర్రెలు చెదిరిపోయాయి. పిస్టల్ పేలి కారు పైకప్పుకి చిల్లు పడింది, తర్వాత కంకరలో పడింది. బెర్నబే దానివంక చూశాడు, సెలీనావంక చూశాడు.

"వైద్యానికి ఇదెందుకయ్యా?" అన్నాడు. బండి లాగడానికి తెచ్చిన తాడుతోనే వాడి చేతులు వెనక్కి విరిచి కట్టేశాడు.

సిగ్నల్ అందుకుని పోలీసులు వచ్చారు. సెలీనా కాలు విడిపించారు, ఓర్నెల్లాకి సంకెళ్లు వేశారు. బసుఆల్దో రేడియోలో ఒకటే మొత్తుకోలు. ఆ ఓడలో ఇంకెవరున్నారో అది లంగరెత్తేలోగా వీడు చెప్పాలి. వెటర్నరీకి దవడ బూరెలా ఉబ్బింది, నోరు మెదపలేక మూలుగుతున్నాడు.

ఇతుర్బే బెర్నబే కళ్లజోడు అడిగి పెట్టుకున్నాడు. చేతులు కడుక్కున్నాడు. పోలీసుల మందులపెట్టెలోంచి పొడుగాటి పట్టకారు తీసి, పేషెంటు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నోరు తెరవండి," అన్నాడు ప్రేమగా. "భయపడకండి. నొప్పి పెడితే చెయ్యెత్తండి."