గుమ్మం దాటనివాడు

కంప్యూటర్ ఆటల్లో తప్పులు పట్టడమే అతని ఉద్యోగం. పత్రికలో అతను రాసే పేజీలో ఎడమవైపు బలాలు, కుడివైపు బలహీనతలు ఉంటాయి. కుడివైపు ఎప్పుడూ పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఆఫీసులో అందరూ అతన్ని లోపాల్రావు అంటారు. ఆ పేరంటే అతనికి లోలోపల గర్వమే. ఇంట్లో మాత్రం ఆ ఆటలు సాగవు. కూరలో ఉప్పు తక్కువైందంటే చాలు, "మీ బలహీనతలు రేపు పేపర్లో రాసుకోండి" అని భార్య నోరు మూయిస్తుంది.

ఆ మధ్యాహ్నం అతను ఓ కంపెనీ మూడో అంతస్తులో, కిటికీల్లేని చిన్న గదిలో కూర్చున్నాడు. ఇంకా విడుదల కాని ఆట. అందుకని ఫోను బయట బల్ల దగ్గర ఇచ్చెయ్యాలి, చెప్పులు తలుపు అవతల విడవాలి. గదంతా గళ్ళ తివాచీ, వేడెక్కిన కంప్యూటర్ వాసన. ఫ్యాను సన్నగా గురక పెడుతోంది.

అన్నీ చూపించిన కంపెనీ మేడం వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగింది.

"ఒక్క మాటండీ. ఆట మూసేముందు అందులో మీ మనుషులందర్నీ కోట గుమ్మం దాటించండి. ఎవర్నీ లోపల వదిలేసి మూయకండి. ఇక్కడ మేమెవరం అలా చెయ్యం."

"ఏం, కంప్యూటర్ పాడవుతుందా?"

"ఏమో. మొదట్నుంచీ అలవాటు." ఆవిడ నవ్వలేదు.

"సరే, ఇదీ కుడివైపు రాసుకుంటా. నేను మాత్రం మూడున్నరకి లేవాలి మేడం. నాలుగింటికి మా పాప బడి వదిలేస్తారు."

భార్య ఆసుపత్రిలో నర్సు, సాయంత్రం దాకా రాదు. ఆరేళ్ళ పిల్లని తీసుకురావడం అతని వంతు. ఒకసారి పది నిమిషాలు ఆలస్యమైతే పాప గేటు దగ్గర ఒంటరిగా నిలబడి, ఆ రాత్రి నిద్రలో కూడా వెక్కింది. ఇంకెప్పుడూ ఆలస్యం చెయ్యనని పాపకి ఒట్టేశాడు.

ఆట బాగానే ఉంది. గళ్ళ నేల మీద వంతులవారీ యుద్ధం. చదరంగం పావులకి కత్తులూ మంత్రాలూ ఇస్తే ఎలా ఉంటుందో అలా. తన కింద ఆరుగురు. ఎవరికి "ఆగు" అని చెప్తే వాళ్ళు ఆ గడిలోనే నిలబడతారు, మళ్ళీ చెప్పేదాకా కదలరు. శత్రువులు తెలివైనవాళ్ళు, ఎత్తు మీద నిలబడ్డవాడికి దెబ్బ బలం, చచ్చినవాడు మళ్ళీ రాడు కాబట్టి ప్రతి అడుగూ ఆచితూచి వెయ్యాలి. ఇవన్నీ ఎడమవైపు రాశాడు. కుడివైపుకీ సరుకు దొరికింది. గోడలు అడ్డొచ్చి మనుషులు కనపడరు. కథలో ముసలి రాజు ఊకదంపుడు ఉపన్యాసం ఇస్తాడు, ఆపే వీల్లేదు.

అన్నిటికంటే దండగ, దీపంవాడు. బక్కపలచని మనిషి, కత్తి లేదు, చేతిలో నూనె దీపం. వంతుకి రెండే గళ్ళు నడుస్తాడు. మొదట విసుక్కున్నా, తర్వాత వాడి ఉపయోగం కనిపెట్టాడు లోపాల్రావు. వాణ్ణి ఇరుకు దారిలో నిలబెట్టి "ఆగు" అంటే శత్రువులంతా వాడి మీద పడతారు, ఎన్ని దెబ్బలు తిన్నా వాడు మాత్రం చావడు. మిగతా ఐదుగురూ పక్కనుంచి జారుకుంటారు. ప్రతి యుద్ధంలోనూ అదే చేశాడు. 'ఎర వెయ్యడానికి తప్ప పనికిరాడు' అని రాసి కింద గీత గీశాడు.

మూడూ ఇరవై ఎనిమిది. ఐదుగురూ గుమ్మం దాటారు. దీపంవాడు ఎక్కడో కోట లోపల, ఇరవై గళ్ళ దూరంలో ఉన్నాడు. వాణ్ణి నడిపించుకొచ్చేసరికి పాప గేటు దగ్గర ఏడుస్తూ ఉంటుంది.

"పడి ఉండరా అక్కడే," అని ఆట మూసేశాడు.

తెర నల్లబడింది. అందులో తన మొహం కనపడింది. భుజం వెనక చిన్న వెలుగు... కంప్యూటర్ లైటు కాబోలు అనుకుని లేచాడు. తివాచీ మీద తలుపు వైపు ఒక గడి నడిచాడు. రెండో గడిలో అడుగు పెట్టాడు.

అంతే. కాళ్ళు కదల్లేదు.

తిమ్మిరి కాదు. నొప్పి లేదు. కాళ్ళు తనవే, కానీ తన మాట వినడం లేదు. చేతులూ అంతే. ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. గదిలో కాలిన వత్తి వాసన... ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. చాలా దగ్గరగా... మెడ వెనక.

"ఎవరది?"

"నా వంతు," అంది గొంతు, గుసగుసగా.

"నేను వెళ్ళాలి... మా పాప..."

"తెలుసు. నువ్వు ఆగు."

భుజం పక్కనుంచి వేడి జరిగింది. తలుపు తెరుచుకుంది. అవతల తన చెప్పుల్లో ఎవరో కాళ్ళు దూర్చారు. మెట్ల మీద అడుగులు... ఎడమకాలు కొద్దిగా ఈడుస్తూ. అది తన నడకే.

అరిచాడు. నోరు తెరుచుకుంది కానీ చప్పుడు రాలేదు. తలుపు మీద గోడగడియారం మాత్రం నడుస్తోంది. నాలుగు గంటలు... నాలుగూ పది... తనకేమైనా ఫర్వాలేదు, పాప దగ్గరికి ఎవరైనా వెళ్తే చాలు అనుకున్నాడు. వెంటనే ఎవరు వెళ్ళారో గుర్తొచ్చి, ఎవరూ వెళ్ళకూడదని ఏడ్చాడు.

నాలుగూ ఇరవైకి మేడం వచ్చింది, చేతిలో మోగుతున్న అతని ఫోనుతో. గదంతా చూసింది. "అరె, ఏరీ ఈయన?" అంటూ లోపలికొచ్చింది. అతని కళ్ళలోకి చూడకుండానే, కుర్చీని తప్పించుకున్నట్టు అతన్ని చుట్టి పక్కనుంచి నడిచింది. ఫోనెత్తింది.

"ఆయన వెళ్ళిపోయినట్టున్నారండీ. చెప్పులు కూడా లేవు. ఫోను మర్చిపోయారు."

అంత నిశ్శబ్దంలో పాప టీచరు గొంతు స్పష్టంగా వినపడింది.

"అయ్యో, ఇక్కడ పాప సంచి మర్చిపోయారు, అందుకే చేశాను. ఆయనొచ్చి తీసుకెళ్ళి చాలాసేపైంది. పాపే ఇవాళ మరీ అల్లరి. 'మా నాన్న కాదు, మా నాన్న కాదు' అని గేటు పట్టుకుని ఒకటే ఏడుపు. రోజూ చూసే మనిషి, నాకు తెలీదా? నేనే దాని వేళ్ళు విడదీసి ఆయన చేతికి అప్పజెప్పాను."

"పిల్లలంతేనండీ," అని మేడం నవ్వింది. ఫోను బల్ల మీద పెట్టి, లైటు ఆర్పి, తలుపు వేసుకుని వెళ్ళిపోయింది.