మొదటి వరసలో పేరు

రాయదుర్గం బస్టాండు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లో ఫోన్ మోగింది. ఏజెంట్ 41 ఎత్తాడు.

"జీన్స్ ప్యాంట్లకు జిప్పులు వచ్చాయా?"

"ఇత్తడివే వచ్చాయి."

కోడ్ సరిపోయింది. ఢిల్లీ నుంచి చీఫ్ గొంతు తగ్గించాడు. "పదకొండుకు రాడార్‌ను మోసుకెళ్లే రైలు వంతెన దాటుతుంది. కింద విదేశీ ముఠా బాంబు పెట్టింది. దాన్ని నడిపే ప్రోగ్రామ్ నువ్వు పాఠాలు చెప్పే కంప్యూటర్ సెంటర్లోనే ఉంది. సరిగ్గా పదకొండుకు మోడెమ్‌లో ఒకటి అంకె వెళితే పేలుతుంది. ఏమీ వెళ్లకపోయినా పేలుతుంది. సున్నా వెళితేనే ఆగుతుంది."

"రైలు ఆపలేరా?"

"వైర్‌లెస్ జామ్ చేశారు. నువ్వొక్కడివే. కబురు పంపింది మీ స్టూడెంట్ పద్మప్రియ. ఆమె ఎవరి మనిషో నాకూ తెలీదు."

టైం పదీ నలభై.

ఏడాదిగా అతను ఈ ఊళ్లో క్యూబేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్పే తిప్పేస్వామి సార్. ప్రోగ్రామ్‌లో దేనికైనా పేరు చూడగానే అది చేసే పని తెలియాలని పిల్లలకు రోజూ చెప్పేవాడు. తన పేరు మాత్రం ఎవరికీ చెప్పుకోలేని బతుకు. అమ్మ పోయాక అతన్ని వెంకటేశులూ అని పిలిచినవాళ్లే లేరు. ఒంటరితనం అలవాటైపోతుందంటారు. అతనికి కాలేదు.

సెంటర్లో ఓనర్ శశికుమార్ పిస్టల్ పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమప్పా సార్, సెలవు పూట ఈడికొచ్చినావు? ప్రోగ్రామ్ చూస్తావా? చూడు. పేర్లన్నీ ఏ1, ఏ2 అని పద్మప్రియతో మార్పించినా. నలభై ఉండాయి. ఏది యాడ పేలుస్తాదో నీ తాతకు గూడా తెలీదు."

"ఆమె యాడ?"

"పొద్దున్నే బళ్లారి బస్సెక్కింది. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. అది అతనికి పిస్టల్ కన్నా ఎక్కువ తగిలింది. ఊపిరి బిగబట్టి జేబులోని పెన్ను నొక్కాడు. మత్తు పొగ చిమ్మింది. శశికుమార్ కుర్చీలోనే ఒరిగిపోయాడు.

కంట్రోల్, బ్రేక్ మీటలు నొక్కాడు. ప్రోగ్రామ్ ఆగి తెరమీద కోడ్ పరుచుకుంది. కాన్‌స్టెంట్ అంటే పేరు పెట్టి ఉంచిన స్థిరమైన అంకె; ప్రోగ్రామ్ నడుస్తుండగా దాని విలువ మారదు, ఇలా ఆపి రాతలోనే మార్చాలి. కానీ ఏది? ఏ1 నుంచి ఏ40 దాకా అన్నీ ఒకే పోలిక. పదీ యాభై ఎనిమిది.

అప్పుడు పై వరస చూశాడు. వెంకటేశులు = 1.

ఆ ఊళ్లో ఎవరు ప్రోగ్రామ్ రాసినా మొదటి కాన్‌స్టెంట్‌కు ఇంటిదేవుడి పేరు పెడతారు. శశికుమార్ చూసి, దండం పెట్టుకుని వదిలేసి ఉంటాడు. కానీ పద్మప్రియ వాళ్ల ఇంటిదేవుడు నెట్టికంటి ఆంజనేయుడు. ఏడాదంతా ఆమె ఆ పేరు తప్ప ఇంకోటి రాయలేదు.

అంటే మార్చాల్సింది ఇదేనని తనకోసం పెట్టిన గుర్తు. ఆమెకు తెలుసు. ఈ ఊళ్లో ఒక్క మనిషికి తన పేరు తెలుసు. అతని కళ్లు చెమర్చాయి.

ఒకటి చెరిపి సున్నా కొట్టాడు. రన్. గడియారంలో ఇంకో సెకను మిగిలింది. సరిగ్గా పదకొండుకు మోడెమ్ కీచుమంది. కాసేపటికి దూరంగా రైలు కూత వినిపించింది. వంతెన దాటేసింది.

బల్లమీది ఫోన్ మోగింది.

"శభాష్," అన్నాడు చీఫ్. "ఆ ఫైల్ చెరిపెయ్. నీ అసలు పేరుంది అందులో. రేపట్నుంచి తనకల్లు అనే ఊళ్లో నువ్వు ఆంజినప్పవి."

"ఆమె?"

"ఎవరామె?" ఫోన్ కట్టయింది.

డిలీట్ నొక్కేముందు, ఇంకెవరూ పిలిచేవాళ్లు లేరు గనక, తనే ఒకసారి పైకి చదువుకున్నాడు.

"వెంకటేశులూ..."

కుర్చీలో శశికుమార్ మత్తులోనే రెండు చేతులూ జోడించి, "గోవిందా" అన్నాడు.