పైనుంచి మూడు దెబ్బలు

ఫిల్మ్ నగర్‌లో ఆ ఇంటికి మూడేళ్లుగా మంచి పేరు లేదు. హాలు సీలింగులో ఎవరో తడతారట... టక్, టక్, టక్. పైన ఇంకో అంతస్తు లేదు, ఉన్నది ఉత్త స్లాబే. అద్దెకొచ్చినవాళ్లు రెండు నెలలు నిలిస్తే గొప్ప.

నేను దెయ్యాల్ని నమ్మను. కానీ ఇది చెప్పింది ఓదెలు. సినిమా సెట్లకు ప్లాస్టర్ పని చేస్తాడు, యూసుఫ్‌గూడలో మా పక్కింట్లోనే ఉంటాడు. కల్పించి చెప్పేంత ఓపిక అతనికి లేదు.

మొన్నటి వానలకు స్లాబు కారి ఆ సీలింగు ఉబ్బింది. అద్దెకెవరూ రాక ఇంటావిడ శేషారత్నం గారే మనవరాలు లాస్యతో అక్కడ ఉంటున్నారు. బాగుచేయమని ఓదెలును పిలిచారు.

చూడగానే గుర్తుపట్టాడు. పన్నెండేళ్ల కిందట ఒక షూటింగ్ కోసం ఆ సీలింగు వేసింది తన గురువు కమలాకర్. సెట్ పద్ధతిలో, ఇనుప తీగల్లేకుండా కొబ్బరిపీచుతో వేలాడదీశాడు. పది రోజులు నిలిస్తే చాలు కదా! అందంగా ఉందని ఇంటివాళ్లు ఉంచేసుకున్నారు. "అది తీసేపియ్యాలెరా" అని మూడేళ్ల కింద చనిపోయేదాకా గొణుగుతూనే ఉన్నాడట కమలాకర్.

సాయంత్రం. వాన. కరెంటు పోయింది. ఓదెలు గోడకు నిచ్చెన ఆనించి టార్చి వెలిగించాడు. సరిగ్గా ఆ ఉబ్బు కిందే చాప మీద లాస్య బొమ్మలతో ఆడుకుంటోంది.

టక్... టక్... టక్.

"ఎలకలేనండీ," అన్నారు శేషారత్నం గారు గొంతు తగ్గించి. ఆ మాట మీద ఆవిడకే నమ్మకం లేదు.

ఓదెలుకు ఆ తట్టడం తెలుసు. సెట్ మీద పైనున్నవాడు మూడుసార్లు తట్టాడంటే — కింద ఎవరూ ఉండొద్దని. ఆ అలవాటు నేర్పింది కమలాకరే.

పిల్లను రెక్క పట్టి లాగేశాడు...

ఉబ్బిన భాగమంతా చాప మీద కూలింది.

దుమ్ము తగ్గాక టార్చి పైకి వేశాడు. ఇన్నాళ్లూ స్లాబుకూ సీలింగుకూ మధ్య ఉన్నది జానెడు సందు. మనిషి పట్టడు. కిందపడ్డ పెచ్చు తిరగేస్తే, వెనక పీచును అదిమిన అరచేతి గుర్తు. నాలుగే వేళ్లు. కమలాకర్‌కు చూపుడువేలు లేదు.

శేషారత్నం గారు మనవరాలిని హత్తుకుని ఏడుస్తున్నారు. అప్పుడు మళ్లీ, ఆ ఉత్త స్లాబు దగ్గర్నుంచి...

టక్... టక్... టక్.

సెట్ మీదైతే, కిందివాళ్లు తప్పుకున్నాక నిచ్చెన మీద ఒక్క దెబ్బ వేసి జవాబివ్వాలి. అది వినందే పైవాడు దిగడు. మూడేళ్లుగా ఆ ఇంట్లో జవాబిచ్చినవాళ్లే లేరు.

ఓదెలు నిచ్చెనను ఒకసారి తట్టాడు.

"అందరు పక్కకొచ్చిన్రే అన్నా... ఇగ దిగు."

నిచ్చెన మీద ఎవరూ లేరు. పైమెట్టు కిర్రుమంది... తర్వాత దాని కిందిది.