సీలు చెడని సంచి

కుర్చీ చూపించినా ఆవిడ కూర్చోలేదు. జైలు వార్డరుగా ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి కనుక నిలబడటం ఆవిడకు కొత్త కాదు. 

"నన్ను నమ్మి నోరు విప్పిన మనిషి సార్. ఇప్పుడతని ప్రాణం మీదికొచ్చింది," అంది.

ఆ ప్రైవేటు డిటెక్టివును అందరూ ఆరాగారనే పిలుస్తారు. పక్కింటికి కొత్త కర్టెను వచ్చినా ఎందుకొచ్చిందో ఆరా తీయందే ఆయనకు ముద్ద దిగదు. అసిస్టెంటు ఆయన బావమరిదే. బీమా కంపెనీలో బంగారం లాంటి ఉద్యోగం వదిలేసి బావ వెంట తిరుగుతున్నాడు. అక్క ఎంత తిట్టినా అతనికి బావ మాటే వేదం.

ఆవిడ ముక్కలు ముక్కలుగా చెప్పిన సంగతి ఇది. ఉద్యోగానికి సెలవు పెట్టి యూనివర్సిటీలో క్రిమినల్ జస్టిస్ ఎం.ఏ. చదువుతోంది. శిక్ష పడినవాళ్లు తమ కేసు విచారణ గురించి ఏమనుకుంటారన్నది ఆవిడ పరిశోధన. పేర్లు బయటపెట్టనని మాటిచ్చి ఖైదీలతో మాట్లాడింది, రికార్డు చేసింది. మెమరీ కార్డును చిన్న గుడ్డసంచిలో వేసి, మూతికి కాగితప్పట్టీ అంటించి, సంతకం చేసి, డిపార్టుమెంటులో తన బీరువాలో పెట్టింది. నిన్న బీరువా తెరిచి చూస్తే సంచి ఉంది, కార్డు లేదు.

"అందులో ఒకతను జైలు లోపలి గుట్టంతా చెప్పాడు సార్. ఫోన్లు ఎవరు తెప్పిస్తారు, ఎవరు ఎవర్ని కొడతారు, అన్నీ. అది పొక్కితే లోపల అతన్ని బతకనివ్వరు."

"మరి మీ చదువు?"

"రేపు కమిటీ కూర్చుంటుంది. నా నిర్లక్ష్యమేనని రిజిస్ట్రేషన్ రద్దు చేస్తారట. అది పోతే పోనీండి, మళ్లీ తెచ్చుకుంటాను. మనిషిని ఎక్కణ్నుంచి తేను?"

ఆరాగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఆ రికార్డుల గురించి ఎవరి దగ్గరైనా అన్నారా?"

ఆవిడ తల దించుకుంది. "పేరు చెప్పలేదు. టీ తాగుతూ ఆ మనిషి గురించే ఒక్క మాట జారాను. ఒకతను తన చొక్కా మీది రక్తం తనదేనని, ల్యాబు రిపోర్టే తప్పని ఒట్టేసి చెప్పాడన్నాను. అప్పుడక్కడ ఉన్నది మా గైడుగారు, నాతోపాటు చదువుతున్న ఇన్‌స్పెక్టరు, మా క్లాసులోని పెద్దాయన. అంతే."

డిపార్టుమెంటు గది పొడుగ్గా ఉంది. గోడ వారన వరసగా ఇనప బీరువాలు, మధ్యలో బల్ల, ఒక మూల టీ కెటిల్. బీరువా తాళం మీద గీత కూడా లేదు. ఆరాగారు పక్క బీరువా తాళంచెవి అడిగి తీసుకుని వార్డరు బీరువాకు పెట్టి తిప్పారు. మారాం చేయకుండా తెరుచుకుంది. వరసలో ఉన్న మరో బీరువాకూ అదే చెవి పట్టింది.

"నేరాల గురించి చదివేవాళ్ల గదిలో తాళాల సంగతి ఇదన్నమాట! దీపం కింద చీకటంటే ఇదే బావా," అని బావమరిది నవ్వాడు.

ఆరాగారు సంచిని అరచేతిలో పెట్టుకుని చూశారు. మూతి మీది పట్టీ, సంతకం చెక్కుచెదరలేదు. అడుగున మాత్రం రెండు వరసల గట్టి కుట్టు. దానికి కాస్త పైన గుడ్డను ఎవరో బ్లేడుతో తిన్నగా కోశారు.

"దొంగతనం బయటపడకూడదని సీలు ముట్టుకోలేదు బావా!"

"అలాగైతే కోసిన చోట మళ్లీ అతికించాలి కదరా. బార్లా నోరు తెరుచుకున్న సంచిని ఎక్కడ తీశాడో అక్కడే పెట్టిపోయాడు." ఆయన గోటితో పట్టీ అంచును గీరారు. ఇట్టే లేచింది. "ఇంత సులువైన దారి వదిలి అడుగున ఎందుకు కోశాడు? అసలు జేబులో పట్టే సంచిని ఇక్కడ వదిలి వెళ్లడమెందుకు?"



గైడుగారు ఒకప్పుడు పబ్లిక్ ప్రాసిక్యూటరు. ఆయన గొంతులో ఆ దర్జా ఇంకా పోలేదు.

"మా డిపార్టుమెంటు పరువు బజారున పడింది. పైగా నా మీదే అనుమానమా?"

"అందరి మీదా సమానంగానే ఉందండి. సీలు వేసిన సంచులు మీకు అలవాటేనా?"

"ఎన్ని చూశానో లెక్కలేదు. కోర్టుకొచ్చేసరికే అవి తెరిచి ఉంటాయి. జడ్జిగారికి ఎత్తి చూపించడం వరకే నా పని."

ఇన్‌స్పెక్టరు చదువు కోసం సెలవులో ఉన్నాడు. క్రాపు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

"సీలు వేయడం ఆవిడకి నేర్పింది నేనే సార్. మూటకట్టి, సీలు వేసి, సంతకం చేసి ల్యాబుకి పంపిస్తాం. అక్కడికి మా బాధ్యత తీరింది. తెరిచే అధికారం మాకు లేదు."

"ఆ రికార్డుల్లో పోలీసు దెబ్బల ముచ్చట్లు కూడా ఉంటాయేమో?"

అతని ముఖం కందగడ్డయింది. "ఉంటే ఉండనీండి! నేను ఎవర్నీ కొట్టలేదు."

అతను బయటికి వెళ్లగానే బావమరిది బల్ల చరిచాడు. "వీడే బావా! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు చూడు."

"నా మీద నింద వేస్తే నేనూ తడుముకుంటానురా," అన్నారు ఆరాగారు.

ఆఖర్న వచ్చినవాడు పెద్దాయన. క్లాసులో అందరికన్నా వయసులో పెద్ద కనుక ఆ పేరు. ప్రభుత్వ ల్యాబులో రక్త పరీక్షలు చేసేవాడు. ముందుగానే రిటైరై ఎం.ఏ.లో చేరాడు.

"ఈ వయసులో ఈ చదువెందుకండీ?" ఆరాగారికి నిజంగానే కుతూహలంగా ఉంది.

"ల్యాబులో మాకు మనుషులు కనపడరండీ, నంబర్లే. ఆ నంబరు వెళ్లి ఎవరి నెత్తిన పడుతుందో తెలుసుకుందామని చేరాను."

ఆ సాయంత్రం ఆరాగారు ఇంటికెళ్లి పాత దిండుగలీబు ఒకటి భార్య ముందు పెట్టారు. "తమ్ముణ్ని చెడగొట్టింది చాలక నాకూ డ్యూటీ వేశారా?" అని సణుగుతూనే ఆవిడ దాన్ని చిన్న చిన్న సంచులుగా కుట్టిచ్చింది.

మర్నాడు కమిటీకి ముందు అందరూ సెమినారు గదిలో కూర్చున్నారు. ఆరాగారు తలా ఒక సంచి, తలా ఒక బ్లేడు ఇచ్చారు. సంచుల మూతికి కాగితప్పట్టీ ఉంది, దాని మీద ఆయన సంతకం ఉంది.

"లోపల పిప్పరమెంటు బిళ్ల ఉంది. తీసుకుని తినండి. తర్వాత మాట్లాడుకుందాం."

గైడుగారు పట్టీని గోటితో లాగేశారు. ఇన్‌స్పెక్టరు పట్టీ మధ్యలో బ్లేడు పెట్టి బర్రున చించాడు. వార్డరు అంచు పట్టుకుని ఊడదీసింది. బావమరిది బ్లేడు జోలికే పోకుండా పళ్లతో పీకాడు. పెద్దాయన సంచిని తిరగేశాడు. అడుగున కుట్టుకు కాస్త పైన తిన్నగా కోసి, బిళ్ల తీసి పక్కన పెట్టి, ఖాళీ సంచిని సర్ది బల్ల మీద జాగ్రత్తగా ఉంచాడు.

గదిలో అందరూ ఆ సంచినే చూస్తున్నారు. అప్పుడు ఆయనా చూసుకున్నాడు.

ఆరాగారు మెల్లగా చెప్పారు. "సీలు వేసేది పోలీసులు, ఎత్తి చూపించేది లాయర్లు, తెరిచేది ల్యాబువాళ్లు. పంపినవాళ్ల సీలు చెడగొట్టకూడదన్నది అక్కడ నేర్పే మొదటి పాఠం. సీలు ఉన్నదున్నట్టు కోర్టుకు కనపడాలి. అందుకే వేరేచోట కోస్తారు. సంచిని పారేయరు, అదీ సాక్ష్యమే. దొంగతనానికి ఈ మడి అక్కర్లేదు. కానీ ఏళ్ల తరబడి ఒకే పని చేసిన చెయ్యి మన మాట వింటుందా? ఇక తాళమంటారా, ఇక్కడ ఎవరి చెవితోనైనా ఎవరి బీరువానైనా తెరవొచ్చు."

బావమరిది పిప్పరమెంటు చప్పరించడం మరిచిపోయి బావవైపు చూస్తుండిపోయాడు.

గైడుగారు అడ్డొచ్చారు. "అలవాటుని బట్టి దొంగనంటే కోర్టులో నిలవదు."

"నిలవదండి. అందుకే ఆయన్నే అడుగుతున్నాను. అయ్యా, కార్డు పారేశారా?"

పెద్దాయన తన చేతిసంచీలోంచి ఒక కవరు తీశాడు. దానికి సీలు వేసి ఉంది, దాని మీద ఆయన సంతకం, తేదీ కూడా ఉన్నాయి.

"పారేద్దామని చెత్తబుట్ట దాకా వెళ్లానండీ, చెయ్యి రాలేదు. ఇంకెవరూ వినలేదమ్మా, నేనొక్కణ్నే. ఆ కేసో కాదో తెలుసుకోవాలని తీశాను. అదే కేసు." ఆయన కవరును వార్డరు వైపు చాపాడు. "ఆ రోజు చనిపోయినవాడి రక్తం, పట్టుబడ్డవాడి రక్తం రెండూ నా బల్ల మీదే ఉన్నాయి. సీసాల మీద చీటీలు తారుమారుగా అంటించాను. చొక్కా మీది రక్తం అతనిదే. చనిపోయినవాడిదని రాసిచ్చాను. నాకు తెలిసేసరికి తీర్పు కూడా అయిపోయింది. పైవాళ్లు ఇక కదపొద్దన్నారు. ముగిసిన కేసుని మళ్లీ ఎలా తెరవాలో ఈ చదువులో ఒక పేపరుంది. అందుకోసమే చేరాను. ఆ పేపర్లో నాకే ఫస్టు మార్కు. నోరే పెగల్లేదు."

వార్డరు కవరు లాక్కుంది. కార్డు చేతికి తగిలాక గానీ ఆవిడకు ఊపిరాడలేదు. ఊపిరాడాక కోపం వచ్చింది.

"ఆ మనిషి బతుకుతో రెండుసార్లు ఆడుకున్నారు సార్ మీరు. అప్పుడోసారి, ఇప్పుడోసారి."

ఆయన అవునన్నట్టు తలూపాడు.

కార్డు దొరికింది కనుక కమిటీతో తాను మాట్లాడతానని, ఆవిడ రిజిస్ట్రేషన్‌కు ఢోకా లేదని గైడుగారు అన్నారు. కేసు తిరగతోడడానికి ఆ రికార్డు కావాలేమోనని కూడా అన్నారు.

"ఇవ్వనండి. అది అతని గొంతు. అతను సరేనంటేనే బయటికొస్తుంది," అంది వార్డరు.

"దానితో పనిలేదమ్మా. నా వాంగ్మూలం సరిపోతుంది," అన్నాడు పెద్దాయన. ఆవిడ వైపు తిరిగి అడిగాడు. "నువ్వు ఎదురుగా కూర్చుని విన్నావుగా. రికార్డులో లేకపోయినా... నన్ను ఏమని తిడుతున్నాడు?"

ఆవిడ కోపం ఎక్కడికి పోయిందో ఆవిడకే తెలియదు.

"మిమ్మల్ని తిట్టడం లేదు సార్. మీరున్నారనే అతనికి తెలీదు. మిషను తప్పు చెప్పిందనుకుంటున్నాడు. మిషనుకి ఏం తెలుసులే పాపం అన్నాడు."

పెద్దాయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.  తర్వాత కళ్లు తుడుచుకుని, బల్ల మీది తెల్లకాగితం ముందుకు లాక్కుని గైడుగారి వైపు తిరిగాడు.

"ఎలా మొదలుపెట్టాలండీ?"

ఆ పాత ప్రాసిక్యూటరు కుర్చీ దగ్గరికి జరుపుకుని తన పెన్ను తీసి ఆయన చేతికిచ్చారు.

"మీ పేరుతో మొదలుపెట్టండి."